తప్పెవరిదని కాదు... పనెవరిదని అడుగుదాం!

“ప్రభుత్వం సరిగ్గా పట్టించుకుంటే ఇంత దూరం వచ్చేదా?”

“ఎంతమందినని ప్రభుత్వం కాపలా కాస్తుందండీ? జనానికే బుద్ధుండాలి!”

ఈ రెండు మాటలూ వినని ఇల్లు మన విశాఖపట్నంలో ఉంటుందనుకోను. 2020లో, 2021లో రైతుబజారు లైన్లో, అపార్ట్‌మెంటు మెట్ల మీద, ఫోన్లో పుట్టింటివాళ్ళతో... ఎక్కడ నలుగురు మాట్లాడుకున్నా కరోనా కబురు చివరికి ఈ తగువు దగ్గరికే వచ్చి ఆగేది. తమాషా ఏమిటంటే, ఒకే మనిషి పొద్దున్న ఒక మాట, సాయంత్రం ఇంకో మాట అనేవారు. పక్కింటివాళ్ళు మాస్కు లేకుండా కనబడితే ‘జనానికి బుద్ధి లేదు’. తమవాళ్ళకి ఆస్పత్రిలో మంచం దొరక్కపోతే ‘ప్రభుత్వం నిద్రపోతోంది’!

“అయిపోయిన పెళ్ళికి మేళం ఎందుకమ్మా ఇప్పుడు?” అనుకుంటున్నారా? నిజమే, కరోనా ఇక ప్రపంచ అత్యవసర పరిస్థితి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న చెప్పేసింది. మనమూ మాస్కులు బీరువా అడుగున పడేశాం. కానీ ఆ తగువు మాత్రం ఎక్కడికీ పోలేదు. వానలు మొదలై వీధిలో ఒకరికి డెంగీ జ్వరం వస్తే చాలు, మళ్ళీ అవే మాటలు. “మునిసిపాలిటీ వాళ్ళు పొగ కొట్టరు” అని మనం. “మీ ఇళ్ళలో నీళ్ళు నిలవుంచుకుంటే మేమేం చేస్తాం” అని వాళ్ళు. అందుకే తీరిగ్గా ఉన్నప్పుడే దీన్ని ఒకసారి విప్పి చూసుకుంటే మంచిదనిపించింది.

తగువు పాతదే!

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిర గురువారాల్లో మొక్కని వైజాగ్ ఆడపిల్ల అరుదు. ఆ గుడి గురించి పెద్దలు చెప్పే కథ ఒకటుంది. 1917లో రోడ్డు వెడల్పు చేయడానికి మునిసిపాలిటీవారు అమ్మవారి విగ్రహాన్ని పక్కకు జరిపారట. ఆ ఏడే ఊళ్ళో ప్లేగు చెలరేగింది. అమ్మను కదిలించబట్టే ఈ ఉపద్రవమని జనం గగ్గోలు పెడితే, విగ్రహాన్ని మళ్ళీ యథాస్థానంలో ఉంచారనీ, వ్యాధి శాంతించిందనీ చెబుతారు. నమ్మకం సంగతి ఎవరిష్టం వారిది. నాకు ఆ కథలో కనిపించేది మాత్రం మన తగువే. రోగం వచ్చింది... ఎవరి తప్పు? మునిసిపాలిటీది!

అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1897లో, బొంబాయి వైపు ప్లేగు వచ్చినప్పుడు తెల్లదొరలు అంటువ్యాధుల చట్టం తెచ్చారు. పుణెలో సైనికులు ఇళ్ళలోకి చొరబడి సోదాలు చేశారు. ఆడవాళ్ళ పరదా, మర్యాద ఏదీ చూడలేదు. జనం రోగం కన్నా సోదాలకే ఎక్కువ భయపడి రోగుల్ని దాచిపెట్టుకున్నారు. అదే ఏడు, అదే పుణెలో సావిత్రిబాయి ఫూలే ప్లేగు రోగులకు సేవ చేస్తూ, అదే రోగం సోకి మార్చి 10న కన్నుమూసింది. ఒకే ఊరు, ఒకే రోగం. ఒకవైపు భయపెట్టే సర్కారు, మరోవైపు ఎవరూ అడక్కుండానే వచ్చి చెయ్యందించిన ఒక ఆడది.

ఇంకో సంగతి. 2020లో మనల్ని ఇళ్ళలో ఉంచడానికి వాడిన చట్టాల్లో ఆ 1897 నాటిదీ ఉంది. ప్రజల్ని అదుపులో పెట్టడానికి పుట్టిన ఆ చట్టాన్నే 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సుతో సవరించాల్సి వచ్చింది. ఎందుకో తెలుసా? డాక్టర్లనీ, నర్సుల్నీ జనం కొట్టకుండా కాపాడటానికి! తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా జైలు. చూశారా, తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉండదు.

ఇంట్లో ఉండమంటే... ఇల్లుండాలిగా!

2020 మార్చి 22. జనతా కర్ఫ్యూ. సాయంత్రం అయిదింటికి కూర్మన్నపాలెంలో మా అపార్ట్‌మెంటు బాల్కనీలన్నీ కంచాలు, గరిటెలతో మారుమోగిపోయాయి. రెండో తరగతి చదివే మా బాబుకైతే పండగే. రెండు రోజులు తిరక్కుండానే 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. అది పొడిగించుకుంటూ మే చివరిదాకా వెళ్ళింది.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి గేటు బయటే నిలబడి అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. “ఇంట్లోనే ఉండమంటన్నారు గదమ్మా! మాకున్నది ఒక్కటే గది. అయిదుగురం. దూరం దూరంగా ఉండాలంటే ఎవుల్ని రోడ్డు మీద పడుకోబెట్టమంటారు? చేతులు కడగమంటన్నారు... తాగడానికే కుళాయి కాడ కొట్టుకుంటన్నాం!”

అప్పటికి మూడు రోజులుగా మా మెట్ల మీద పెద్ద చర్చ. పనివాళ్ళని రానివ్వకూడదని కమిటీ తీర్మానించింది. సరే, రోగం భయం. మరి జీతం? కింద ఫ్లాట్ మాస్టారు, రిటైరైన లెక్కల టీచరు, “పని చేయనిదే జీతమేమిటమ్మా? వాళ్ళను చూసుకోవాల్సింది ప్రభుత్వం” అన్నారు. ఎదురు ఫ్లాట్ వదినగారు ఊరుకునే మనిషి కాదు. “మాస్టారూ, మీ పెన్షను ఇంట్లో కూర్చుంటే రావట్లేదా? రావద్దన్నది మనం. మనం రావద్దంటే ప్రభుత్వం జీతమిస్తుందా?” అంది. ఎనిమిది ఇళ్ళలో అయిదు ఇళ్ళవాళ్ళం పూర్తి జీతం ఇచ్చాం. మాస్టారు మొదటి నెల సగమే ఇచ్చారు. రెండో నెల ఎవరూ అడక్కుండానే మొత్తం ఇచ్చారు.

ప్రభుత్వమూ ఊరుకోలేదు. రేషను కార్డుకి వెయ్యి రూపాయలు ఇచ్చింది. ఉచిత బియ్యం ఇచ్చింది. అవి లేకపోతే ఎన్ని పొయ్యిలు వెలిగేవి కావో! కానీ వెయ్యి రూపాయలతో రెండు నెలలు గడుస్తాయా?

మన తీరం నుంచి వలస వెళ్ళిన మత్స్యకారుల సంగతి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు వెళ్ళిన వేలమంది లాక్‌డౌన్‌లో పడవల మీదే ఇరుక్కుపోయారు. పడవ మీద దూరం పాటించడం ఎలా? నియమం వాళ్ళ చేతుల్లో ఉందా? రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు మాట్లాడుకుని, బస్సులు పెట్టాకే ఏప్రిల్ చివర్లో ఇళ్ళకు బయల్దేరగలిగారు. అప్పటిదాకా వాళ్ళని ‘క్రమశిక్షణతో ఉండండి’ అంటే, అది ఏ పెద్దమనిషి తరమూ కాని క్రమశిక్షణ.

ఇంట్లో ఉండటం మన బాధ్యతే. కానీ ఇంట్లో ఉండగలిగేలా చేయడం ప్రభుత్వం బాధ్యత. ఈ రెండూ ఒకటి కావు.

మూడు రోజుల్లో రెండు పాఠాలు

2020 మే నెల మొదటివారం మన జిల్లావాళ్ళు మరిచిపోలేరు.

మే 4న మద్యం దుకాణాలు తెరిచారు. అంతకు ముందే ఏప్రిల్ 26న సింహాద్రి అప్పన్న చందనోత్సవం భక్తులు లేకుండా జరిగింది. ఏడాదికోసారి దొరికే నిజరూప దర్శనాన్ని కూడా వదులుకుని జనం ఇళ్ళలో ఉన్నారు. అదే జనం ఎనిమిది రోజుల తర్వాత మందు షాపుల ముందు ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. లైన్లు సరిచేయడానికి మన జిల్లాలో ప్రభుత్వ బడి పంతుళ్ళకు డ్యూటీ వేశారు. పిల్లలకు అక్షరాలు దిద్దించే చేతులు తాగుబోతుల లైను దిద్దాయన్నమాట! ఇక్కడ తప్పెవరిది? తోసుకున్నవాళ్ళదా, తెరిచినవాళ్ళదా? ఆ వారం ఖజానా నిండింది. కానీ ఎన్ని ఇళ్ళలో బియ్యం డబ్బా పక్కన దాచుకున్న ఆ వెయ్యి రూపాయలు మాయమయ్యాయో ఆడవాళ్ళనడిగితే చెబుతారు.

మూడు రోజులకే, మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ, గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ళోకి పాకింది. లాక్‌డౌన్ కదా, అందరూ బుద్ధిగా ఇళ్ళలోనే నిద్రపోతున్నారు. 12 మంది పోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. చిన్నపిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తినవాళ్ళు పరిగెత్తినచోటే కూలిపోయారు.

ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ జూలైలో నివేదిక ఇచ్చింది. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే అది తనలో తాను గడ్డకట్టే రసాయన చర్య మొదలై ఇంకా వేడి పుట్టి ఆవిరవుతుంది. ఆపడానికి కలిపే మందు చాలినంత లేదు. పాతకాలపు ట్యాంకులో ఉష్ణోగ్రత సరిగ్గా కొలిచే ఏర్పాటు లేదు. అన్నిటికన్నా నా మనసు కలచివేసిన విషయం... ఊరిని లేపాల్సిన సైరన్ మోగలేదు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో వెంకటాపురం ఇల్లాలు చేయాల్సిందేమైనా ఉందా? మాస్కు కట్టుకుంది. చేతులు కడుక్కుంది. చెప్పినట్టు ఇంట్లోనే ఉంది. ట్యాంకు ఉష్ణోగ్రత చూడాల్సింది కంపెనీ. కంపెనీ చూస్తోందో లేదో చూడాల్సింది తనిఖీ అధికారులు. అక్కడ ‘ప్రజల క్రమశిక్షణ’ అనే మాటకు చోటే లేదు. అయినా ఆ తెల్లవారుజామున ప్రజలు తమ పని తాము చేశారు. తలుపులు బాది పక్కింటివాళ్ళని లేపారు. స్పృహ తప్పినవాళ్ళని బళ్ళ మీద వేసుకుని ఆస్పత్రికి తెచ్చారు. కరోనా అంటుకుంటుందేమోనన్న ఆలోచన కూడా చేయలేదు.

అడగడమూ ఒక బాధ్యతే

నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసిన డాక్టర్ సుధాకర్ పేరు మీకు గుర్తుండే ఉంటుంది. వైద్యులకు ఎన్-95 మాస్కులు చాలినన్ని లేవని 2020 ఏప్రిల్ మొదట్లో బహిరంగంగా అన్నారు. ఆయన్ని సస్పెండ్ చేశారు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద చేతులు వెనక్కి కట్టి ఉన్న ఆయన దృశ్యాలు టీవీలో చూసి మా అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో చనిపోయారు. ఆయన తీరు గురించి రెండు రకాలుగానూ వాదించేవాళ్ళున్నారు. ఆ వాదనలు అలా ఉంచండి. ‘మాస్కు ఉందా, లేదా’ అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే కదా!

మనకు చిన్నప్పటి నుంచి బాధ్యత అంటే చెప్పినట్టు వినడం అనే నేర్పారు. ఆడపిల్లలకైతే మరీనూ. కానీ ఇంటి ఇల్లాలికి ఇంకో బాధ్యత కూడా తెలుసు. బియ్యం డబ్బా అడుగంటుతుంటే ముందుగా చెప్పేది ఆవిడే. “ఉన్నాయా, లేవా?” అని అడిగితే ఇంటి పరువు పోదు. అడక్కుండా కూర్చుంటే రాత్రికి పస్తు. ఊరి సంగతీ అంతే.

ఉక్కు నగరం ఊపిరి

2021 కథ ఇంకా బరువైంది. జనవరి 27న విశాఖ ఉక్కు కర్మాగారాన్ని పూర్తిగా అమ్మేయడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపింది. ఫిబ్రవరి నుంచి ఊరంతా ధర్నాలు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీ అది. ఎన్నో గ్రామాలవాళ్ళు ఇళ్ళూ పొలాలూ ఇచ్చేశారు. మార్చి 10న మన మహానగరపాలక సంస్థ ఎన్నికలు జరిగాయి. సభలు, ఊరేగింపులు... నాయకులూ మాస్కు గడ్డం కిందకి దించేశారు, జనమూ దించేశారు. ‘దూరం పాటించండి’ అని ఫోను మోగించినవాళ్ళే ‘తరలి రండి’ అని మైకు మోగించారు.

ఏప్రిల్‌కి రెండో అల ముంచేసింది.

మావారు స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగి. ఉక్కు తయారీకి ఆక్సిజన్ కావాలి కాబట్టి ప్లాంటులోనే గాలిని అతిశీతలంగా చల్లార్చి, దాంట్లోంచి ఆక్సిజన్ విడదీసే యూనిట్లుంటాయి. సున్నాకి 183 డిగ్రీలు దిగువన అది ద్రవమవుతుంది. మామూలు రోజుల్లో ఎక్కువభాగం కొలిమికే పోతుంది. ఆ ఏప్రిల్‌లో అదే మనుషుల ఊపిరితిత్తులకి కావలసి వచ్చింది. ఏప్రిల్ 22న దేశంలో మొట్టమొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన స్టీల్‌ప్లాంట్‌లోనే నిండింది. మహారాష్ట్ర నుంచి ఏడు ఖాళీ ట్యాంకర్లు రైలెక్కి వస్తే, వందటన్నులకు పైగా ద్రవ ఆక్సిజన్ నింపి పంపారు. అమ్మేస్తామన్న ఫ్యాక్టరీలో, ధర్నా శిబిరం నుంచి లేచి డ్యూటీకెళ్ళిన కార్మికులు నింపారు. వాళ్ళలో కొందరు ఆ రోజుల్లోనే కరోనాకు బలయ్యారు. ఆ కుటుంబాలు మా వీధుల్లోనే ఉన్నాయి.

ఇది ప్రభుత్వం చేసిందా, ప్రజలు చేశారా? చట్టప్రకారం ఫ్యాక్టరీ ప్రభుత్వానిది. అది ఇక్కడ ఉండటానికి కారణం ప్రజలు. ఆ రోజు నడిపింది కార్మికులు. గీత ఎక్కడ గీస్తారు? మన నావల్ డాక్‌యార్డ్‌వాళ్ళు 2020 ఏప్రిల్‌లోనే ఒక సిలిండరు నుంచి ఆరుగురికి ఆక్సిజన్ అందే గొట్టాల అమరిక తయారుచేశారు. మన మెడ్‌టెక్ జోన్‌లో వెంటిలేటర్లు, పరీక్ష కిట్లు తయారయ్యాయి. ప్రభుత్వమన్నది పెట్టిన సంస్థలే, పనిచేసింది మన ఊరివాళ్ళే.

అయినా ఆక్సిజన్ తయారుచేసిన ఊళ్ళోనే మంచం కోసం మేము తిరగని చోటు లేదు. మా పిన్నికి ఊపిరి అందక రాత్రి పదింటి నుంచి ఫోన్లు మొదలెట్టాం. ఒక ప్రైవేటు ఆస్పత్రివాళ్ళు “ముందు రెండు లక్షలు కట్టండి, తర్వాత మాట్లాడదాం” అన్నారు. ఆరోగ్యశ్రీలో కరోనా చికిత్స చేర్చారు కదా అంటే, ఆ మంచాలు నిండిపోయాయన్నారు. చివరికి తెల్లవారుజామున విమ్స్‌లో చోటు దొరికింది. పన్నెండు రోజులున్నాక పిన్ని ఇంటికొచ్చింది. అదే నెలలో, మే 10న, తిరుపతి రుయా ఆస్పత్రిలో ట్యాంకరు రావడం ఆలస్యమై 11 మంది చనిపోయారు. ఆ పదకొండుమందిలో మాస్కు పెట్టుకున్నవారెందరో, పెట్టుకోనివారెందరో... ఆ నిమిషంలో ఆ లెక్కకు అర్థముందా?

టీకా దగ్గర తిరగబడిన తక్కెడ

టీకా కథ చూడండి, బాధ్యత ఎలా చేతులు మారుతుందో తెలుస్తుంది. 2021 మార్చిలో అరవై దాటినవాళ్ళకి టీకా మొదలైంది. కేంద్రాలు ఖాళీ. “జ్వరం వస్తుందట”, “మోకాళ్ళ నొప్పులకి మంచిది కాదట” అంటూ మా అత్తగారి స్నేహితులంతా వాయిదా వేశారు. మందు ఉంది, మనుషుల్లేరు. అక్కడ తప్పు మనవైపు.

ఏప్రిల్ చివరికొచ్చేసరికి భయం తిరగబడింది. తెల్లవారకుండానే లైన్లో నిలబడ్డారు. మనుషులున్నారు, మందు లేదు. 18 దాటినవాళ్ళందరికీ మే 1 నుంచి అన్నారు గానీ ఇవ్వడానికి సరుకు లేదు. అక్కడ తప్పు ప్రభుత్వంవైపు. జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షలకు పైగా టీకాలు పడ్డాయి. ఆ రోజు మందూ ఉంది, మనుషులూ వచ్చారు. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లని మనకి కొత్తగా చెప్పాలా?

గేటు దగ్గర నిలబడిన ఆమె ఎవరు?

ఆ రోజుల్లో మా గేటు దగ్గరికి రోజూ ఒక ఆశా కార్యకర్త వచ్చేది. చేతిలో రిజిస్టరు, ముఖానికి గుడ్డ మాస్కు. “జ్వరం ఎవరికైనా ఉందా అమ్మా? బయటి ఊరి నుంచి ఎవరైనా వచ్చారా?” ఆమె వెనకాల అప్పట్లో ఉన్న వార్డు వాలంటీరు అమ్మాయి ఫోన్లో వివరాలు ఎక్కించేది. పై ఫ్లాట్ ఆయన ఒకరోజు బాల్కనీలోంచే కేకలేశారు. “మీ గవర్నమెంటు ఏం పీకుతోంది? రోజూ మా ప్రాణం తీయడం తప్ప!”

ఆమె తలెత్తి నెమ్మదిగా అంది. “నానేటి గవర్నమెంటునా బాబూ? నాకూ ఇద్దరు పిల్లలున్నారు. సాయంత్రం ఇంటికెళ్ళాలంటే భయమేస్తాంది.”

నాకు ఈ తగువంతా ఆ ఒక్క మాటలో కనబడింది. జనం దృష్టిలో ఆమె ప్రభుత్వం. ప్రభుత్వం దృష్టిలో ఆమె ఉద్యోగి కూడా కాదు, స్వచ్ఛంద కార్యకర్త. నెలకు పదివేల గౌరవవేతనం. తిట్లు తినేటప్పుడు ప్రభుత్వం, జీతం అడిగేటప్పుడు ప్రజ!

ఇంటింటికీ పంచిన మాస్కులు కుట్టింది పొదుపు సంఘాల ఆడవాళ్ళు. ఊరు కడిగింది పారిశుద్ధ్య కార్మికురాళ్ళు. వార్డుల్లో రాత్రింబవళ్ళు నిలబడింది నర్సులు. ఇంట్లో రోగికి వేరే గది, వేరే కంచం, వేళకు కషాయం చూసింది మనం. ప్రభుత్వమూ ప్రజలూ ‘నీ పనంటే నీ పని’ అని ఒకరి మీదికొకరు తోసుకున్న పనంతా చివరికి ఎవరి భుజాల మీద పడిందో ఇక వేరే చెప్పాలా?

నమ్మకం ఉంటే సగం పని అయినట్టే

జపాన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించినా జనాన్ని బలవంతంగా ఇళ్ళలో ఉంచే చట్టం లేదు. ప్రభుత్వం కోరింది, ఎక్కువమంది పాటించారు. స్వీడన్ కూడా మొదట్లో లాక్‌డౌన్ లేకుండా జనం విచక్షణకే వదిలింది. తర్వాత ఆ దేశం వేసుకున్న విచారణ సంఘమే, తొలిదశలో చర్యలు చాలలేదు, ఆలస్యమయ్యాయి అని 2021లో తేల్చింది. అంటే జనాన్ని నమ్మడం మంచిదే. నమ్మానని చెప్పి ప్రభుత్వం తన పని మానేస్తే మాత్రం కుదరదు.

మనకీ అలాంటి మంచి ఉదాహరణ ఇంట్లోనే ఉంది. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడు నేను బళ్ళో చదువుతున్నాను. ఆదివారం పొద్దున్నే మా అమ్మ చెల్లిని చంకనేసుకుని బడి అరుగు మీది కేంద్రానికి తీసుకెళ్ళేది. చుక్కలు తెచ్చింది ప్రభుత్వం. బిడ్డని తెచ్చింది తల్లి. ఇంటికొచ్చి అడిగింది అంగన్‌వాడీ అమ్మాయి. 2014లో మన దేశం పోలియో లేని దేశమైంది. పోలీసు లాఠీ ఎత్తలేదు, ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు.

ఒక చిన్న కొలత

ఇంతా చెప్పి, నాకు తోచిన కొలత ఒకటే. ‘తప్పెవరిది?’ అనే ముందు ‘ఇది ఎవరి చేతిలో పని?’ అని అడిగి చూద్దాం.

* ముఖానికి గుడ్డ, జ్వరం దాచకుండా చెప్పడం, టీకా వేయించుకోవడం, రోగి ఇంటి తలుపు దగ్గర పాల ప్యాకెట్టు పెట్టి రావడం... ఇవి మన చేతిలోవి. వీటికి ప్రభుత్వాన్ని సాకుగా చూపకూడదు.

* ఆక్సిజన్, మంచాలు, మందు ధర, ఫ్యాక్టరీ తనిఖీ, పస్తుండకుండా ఇంట్లో ఉండే ఏర్పాటు... ఇవి ప్రభుత్వం చేతిలోవి. వీటికి ‘జనానికి బుద్ధి లేదు’ అన్నది జవాబు కాదు.

* పనిమనిషి జీతం, అద్దెకున్న నర్సుని ఖాళీ చేయమనకపోవడం, గేటు దగ్గరికొచ్చిన ఆశా కార్యకర్తకి ఓ కుర్చీ, గ్లాసుడు మంచినీళ్ళు... వీటికి ఏ జీవో ఉండదు. ఇవి కలిగినవాళ్ళ చేతిలోవి. అందరికన్నా ముందు జారిపోయేవీ ఇవే.

డెంగీ దోమ మురుగులో కాదు, మన పూలకుండీ పళ్ళెంలో, కూలర్‌లో, మూతలేని డ్రమ్ములో నిలిచిన మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. ప్రతి ఇంటి కుండీ దగ్గరా ఏ మునిసిపాలిటీ కాపలా ఉండలేదు. అందుకే శుక్రవారం ‘డ్రై డే’ అన్నారు. కానీ డ్రమ్ములో నీళ్ళు ఎందుకు పట్టుకుంటున్నాం? కుళాయి రోజూ రాదు కాబట్టి. అది మునిసిపాలిటీ పని.

మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళం ఇప్పుడు రెండూ చేస్తున్నాం. శుక్రవారం పొద్దున్న డ్రమ్ములు వంచి, తోమి, ఆరబెట్టుకుంటాం. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజున నీళ్ళ గురించి ఓ అర్జీ ఇచ్చి, రసీదు తెచ్చుకుంటాం. ఇప్పటికి మూడు రసీదులు జమయ్యాయి. నీళ్ళు ఇదివరకు మూడు రోజులకోసారి వచ్చేవి, ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తున్నాయి. రోజూ వచ్చేదాకా వెళ్ళాలని వదినగారి పట్టు. వచ్చే సోమవారం అర్జీ రాసేది మాస్టారే. ఆయన చేతిరాత బాగుంటుంది.